ఒంట్లో బాగానే ఉంది, మందులెందుకు?

హెచ్‌ఐవీ పాజిటివ్ అని తేలి, దానికి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లిన మనిషి తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "జ్వరం లేదు, దగ్గు లేదు, రోజూ పనికి పోతున్నాను. ఇప్పటినుంచే మందులెందుకు?" న్యాయమైన ప్రశ్నే. డాక్టర్లు కూడా దీనిమీద ముప్పై ఏళ్ల దాకా తర్జనభర్జన పడ్డారు. అది తేలడానికి వేలమంది రోగులు తమ ఒంటిమీద పరీక్షకు ఒప్పుకోవలసి వచ్చింది.

మొదటి మందు ఏజెడ్‌టీ. 1964లో అమెరికాలో క్యాన్సర్ కోసం తయారుచేసి, పనికిరాదని పక్కన పెట్టేసినదే. అది హెచ్‌ఐవీని అడ్డుకుంటుందని 1985లో ప్రయోగశాలలో కనబడింది. ఆ మరుసటి ఏడాది ఎయిడ్స్‌తో బాగా దెబ్బతిన్న 282 మందిని చీటీలు తీసినట్టుగా రెండు జట్లు చేశారు. 145 మందికి అసలు మందు ఇచ్చారు. మిగిలిన 137 మందికి అచ్చం అలాగే కనబడే మాత్ర ఇచ్చారు గానీ, అందులో మందు లేదు. ఎవరు ఏది మింగుతున్నారో రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. నాలుగు గంటలకోసారి వేసుకోవాలి, అర్ధరాత్రి కూడా లేచి. సెప్టెంబరు నాటికి మందు లేని జట్టులో 19 మంది చనిపోయారు. మందు వేసుకున్నవాళ్లలో ఒక్కరు. ఇక ప్రయోగం సాగించడం అన్యాయమని ఆపేసి, మిగిలినవాళ్లకు కూడా అసలు మందు అందించారు. ఆ 19 మందిని తలుచుకోకుండా ఈ వైద్యం గురించి రాయడం నాకు చేతకాదు.

అంత బాగా పనిచేసే మందును జబ్బు ముదరకముందే ఇస్తే ఇంకా మేలు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. బ్రిటన్, ఐర్లండ్, ఫ్రాన్స్ దేశాల్లో 'కాంకార్డ్' పేరుతో అదే పరీక్షించారు. లక్షణాలేవీ లేని 1,749 మందిలో సగంమందికి ఏజెడ్‌టీ వెంటనే మొదలుపెట్టారు, మిగిలినవాళ్లకు జబ్బు కనబడ్డాకే ఇచ్చారు. వైరస్ ముందుగా పట్టుకునే తెల్లరక్తకణాల లెక్కను సీడీ4 కౌంట్ అంటారు. వెంటనే మందు వేసుకున్నవాళ్లకు ఆ కౌంట్ మెరుగ్గానే ఉంది. కానీ మూడేళ్లకు బతికున్నవాళ్లను లెక్కిస్తే రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. రిపోర్టులో అంకె పెరగడం వేరు, మనిషి ఆయుష్షు పెరగడం వేరు. ఏ కొత్త మందు గురించి పేపర్లో చదివినా, వాళ్లు దేన్ని లెక్కపెట్టారో ముందు చూడాలని నేననేది ఇందుకే.

ఏజెడ్‌టీ ఒక్కటే ఆయుష్షు పెంచలేకపోవడానికి కారణం వైరస్ నైజంలో ఉంది. అది రోజుకు కోట్లాది నకళ్లు తీస్తుంది, తీసేటప్పుడు తరచూ తప్పులు చేస్తుంది. ఆ తప్పుల్లో ఏదో ఒకటి ఒంటరి మందుకు లొంగని వైరస్‌ను పుట్టిస్తుంది. వేర్వేరు చోట్ల దెబ్బకొట్టే మూడు మందులు కలిపి ఇస్తే ఒకేసారి మూడింటినీ తప్పించుకోవడం దానికి దాదాపు అసాధ్యం. 1996 నుంచి సంపన్న దేశాల్లో మరణాలు బాగా తగ్గడానికి మూలం ఇదే.

అయితే ఆనాటి మాత్రలు మనిషిని పీడించేవి. బుగ్గలు లోపలికి పోయేవి, పాదాలు తిమ్మిరెక్కేవి. అందుకే కౌంట్ పడిపోయేదాకా ఆగుదాం, పెరిగాక కొన్నాళ్లు మాన్పిద్దాం అనే ఆలోచన వచ్చింది. 33 దేశాల్లో 5,472 మందితో చేసిన 'స్మార్ట్' ప్రయోగం దీన్ని తేల్చింది. కౌంట్ 350 దాటితే మందు ఆపి, 250కి దిగితే మళ్లీ మొదలుపెట్టిన జట్టులో 55 మంది చనిపోయారు. ఆపకుండా వాడినవాళ్లలో 30 మంది. ఎవరూ ఊహించని సంగతి ఇంకొకటి బయటపడింది. మందు ఆపినవాళ్లకు గుండె, మూత్రపిండాలు, కాలేయం జబ్బులు కూడా ఎక్కువయ్యాయి. వైరస్‌ను వదిలేస్తే అది ఒళ్లంతా లోలోపల వాపు రగిలిస్తూనే ఉంటుందన్నమాట. 2006లో ఆ ప్రయోగంలో కొత్తవాళ్లను చేర్చుకోవడం ఆపేసి, మందు మానినవాళ్లకు మళ్లీ మొదలుపెట్టమని చెప్పారు.

అసలు ప్రశ్నకు జవాబు 2015లో 'స్టార్ట్' ప్రయోగంతో వచ్చింది. కౌంట్ 500 పైన ఉండి, మామూలుగా తిరుగుతున్న 4,685 మందిని తీసుకున్నారు. వెంటనే మొదలుపెట్టిన జట్టులో తీవ్రమైన జబ్బో మరణమో 42 మందికి ఎదురైతే, ఆగిన జట్టులో 96 మందికి ఎదురైంది. క్షయ, కొన్నిరకాల క్యాన్సర్లు బాగా తగ్గాయి. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మరో వివరం. ఆ జబ్బుల్లో మూడింట రెండు వంతులు కౌంట్ ఇంకా 500 పైన ఉండగానే వచ్చాయి. ఒంట్లో బాగుందన్న నమ్మకానికి ఆధారం అంత పలచనిది.

మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో కౌంట్ 200కి దిగితేగాని సాధారణంగా మందులు ఇచ్చేవారు కాదు. ఆ గీత 350కి, తర్వాత 500కి జరిగింది. 2017లో దాన్ని పూర్తిగా చెరిపేసి, పాజిటివ్ అని తేలిన ప్రతివారికీ ఇవ్వాలని నిర్ణయించారు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న హెటిరో, అరబిందో వంటి కంపెనీలు ఈ మందులను చవగ్గా తయారుచేసి ఆఫ్రికా దేశాలకూ పంపుతున్నాయి.

భార్యాభర్తల్లో ఒకరికే వైరస్ ఉన్న ఇళ్లలో మందు త్వరగా మొదలుపెట్టడం మరీ ముఖ్యం. చెన్నై, పుణె నగరాలు సహా తొమ్మిది దేశాల్లోని కేంద్రాల్లో 1,763 జంటలతో ఒక ప్రయోగం జరిగింది. భాగస్వామి నుంచే సోకినట్టు 2011 నాటికి రుజువైన కేసులు 28. వాటిలో 27 మందు ఆలస్యం చేసిన జట్టులోవి, త్వరగా మొదలుపెట్టిన జట్టులోది ఒక్కటే. రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గి, అలాగే నిలిచినప్పుడు లైంగికంగా అవతలివారికి సోకదని ఆ తర్వాతి అధ్యయనాలు గట్టిగా చెప్పాయి.

ఇప్పుడు చాలామందికి ఇచ్చేది రోజుకు ఒకే మాత్ర. అందులో టెనోఫోవిర్, లామివుడిన్, డొలుటెగ్రావిర్ మూడూ కలిసి ఉంటాయి. కొందరికి నిద్ర సరిగా పట్టదు, కొందరు బరువు పెరుగుతారు. అలాంటిదేమైనా ఉంటే సెంటర్‌లో చెబితే వేళ మారుస్తారు, అవసరమైతే మందు మారుస్తారు. మందు పనిచేస్తోందా లేదా అన్నది ఒంట్లో ఎలా ఉందో చూసి తేల్చలేం, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చెబుతుంది. మొదలుపెట్టిన ఆరు నెలలకు ఆ పరీక్ష చేయించుకోవాలి.