ఎన్నికల సర్వేలు: అపోహలు – వాస్తవాలు

ఎన్నికలు వస్తే చాలు, సర్వేలను కొందరు కళ్లు మూసుకుని నమ్ముతారు, కొందరు అన్నీ బూటకమని కొట్టిపారేస్తారు. జనం మనసు తెలుసుకునే పద్ధతి ఏమిటో తెలిస్తే ఈ రెండు పొరపాట్లూ చేయం.

అపోహ: ఎంత ఎక్కువమందిని అడిగితే సర్వే అంత నిజం.
వాస్తవం: 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు లిటరరీ డైజెస్ట్ పత్రిక సర్వేకు 20 లక్షలకు పైగా జవాబులొచ్చాయి. అభ్యర్థుల్లో లాండన్‌దే గెలుపని ఆ పత్రిక రాసింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 ఆయన ప్రత్యర్థి రూజ్వెల్ట్ గెలుచుకున్నారు. టెలిఫోన్లు, కార్లు ఉన్నవాళ్ల పేర్లే ఎక్కువగా తీసుకోవడం, వాళ్లలోనూ ఇష్టమున్నవాళ్లే జవాబు పంపడం ఆ లెక్కను తలకిందులు చేశాయి. ఎంతమంది అన్నదానికంటే ఎవరు, ఎలా ఎంపికయ్యారన్నదే ముఖ్యం.

అపోహ: ఓటెవరికి వేశారంటే ఎవరూ నిజం చెప్పరు.
వాస్తవం: అడిగే తీరునుబట్టి ఉంటుంది. ఢిల్లీలోని సీఎస్‌డీఎస్ పరిశోధన సంస్థకు చెందిన లోక్‌నీతి, ఓటరు జాబితా నుంచి పేర్లు ఎంచి ఇళ్లకే మనుషులను పంపుతుంది. పార్టీల గుర్తులున్న నమూనా బ్యాలెట్ చేతికిచ్చి, నచ్చిన గుర్తుపై ముద్ర వేసి, మడిచి పెట్టెలో వేయమంటారు. “ఆవిడకేం తెలుసు, నేను చెప్తా రాసుకోండి” అని ఇంటాయన ముందుకొచ్చినా, ఎంపికైన ఆవిడే జవాబు చెప్పాలి.

అపోహ: నగరాల్లోనే ఓటు చైతన్యం ఎక్కువ.
వాస్తవం: 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్‌లో సగంమంది కూడా ఓటేయలేదు. దగ్గర్లోనే ఉన్న భువనగిరిలో పోలింగ్ 76 శాతం దాటింది.

అపోహ: సీట్ల అంచనా తప్పితే సర్వే మొత్తం తప్పే.
వాస్తవం: సర్వే కొలిచేది ఓట్లను. వాటిని సీట్లుగా మార్చడం వేరే లెక్క. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో 2019లో టీడీపీకి, 2024లో వైసీపీకి సుమారు 39 శాతం చొప్పునే ఓట్లొచ్చాయి. సీట్లు మాత్రం మొదటిదానికి 23, రెండోదానికి 11.

అపోహ: ఓటేసినవాళ్లంతా ప్రజాస్వామ్యాన్ని గట్టిగా కోరుకుంటున్నట్టే.
వాస్తవం: ప్రపంచ విలువల సర్వే ఈ సంగతిని రెండు ప్రశ్నలుగా అడుగుతుంది. ప్రజాస్వామ్యం మంచిదేనా? పార్లమెంటును, ఎన్నికలను లెక్కచేయని బలమైన నాయకుడుంటే మంచిదా? ఒకే మనిషి రెంటికీ అవుననవచ్చు. ఆ రెండో అవును మనందరం పట్టించుకోవాల్సిన హెచ్చరిక. ఓట్ల లెక్కింపులో అది ఎప్పటికీ బయటపడదు.

కాబట్టి ఏ సర్వే అంకె కనబడినా మూడు సంగతులు చూడండి: ఎవరిని అడిగారు, వాళ్లను ఎలా ఎంచారు, ప్రశ్న ఏమిటి. ఇవి చెప్పని సర్వేను నమ్మకండి, నలుగురికీ పంపకండి.