జంగు పట్టిందని పారేయకండి

మాదన్నపేట మండీకి కూరగాయలు తెచ్చినప్పుడల్లా అక్కడ ఒక వడ్రంగి పెద్దాయన దగ్గర ఆగుతా. ఈసారి మా తాత కొడవలి చూపించా. జంగు పట్టింది, పాత ఇనుముకు వేసేద్దామనుకున్నా.

ఆయన గోటితో గీకి చూసి, "బిడ్డా, ఎర్రగ పొడి రాలితేనే భయం. నల్లగ అంటుకున్నదాన్ని ఏం అనకు" అన్నాడు. ఆయన ఉలి ఒళ్లంతా నలుపే, పదును దగ్గర మాత్రం అద్దం. అక్కడ తుప్పు గుంటలు పడితే ఎంత నూరినా అంచు నిలవదట.

మనకూ అంతే. మొద్దు కొడవలి గోంగూర కాడను కోయదు, చీలుస్తుంది. ఆ గాయంలోంచి తెగులు దూరుతుంది, చిగురు ఆలస్యమవుతుంది.

తప్పు నాదే. జీవామృతం కలిపిన చేత్తోనే కొడవలి పట్టి, కడక్కుండా పాకలో గుచ్చేవాణ్ణి. గోమూత్రంలో లవణాలుంటాయి, తడి, గాలి తోడైతే ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. డిప్లొమాలో చదివిందే, చేతల్లోకి రాలేదు.

ఎర్ర మచ్చలున్న చోట చింతపండు గుజ్జు రాసి గంట ఉంచా. పీచుతో రుద్ది, పులుపు మిగలకుండా కడిగి, ఎండలో ఆరబెట్టా. సానపట్టి కొబ్బరినూనె పూశా. గుంటలు లోతుగా లేవు, బతికింది.

రేపు గోంగూర కోత దానితోనే. పద్ధతంతా కింద వీడియోలో చూడండి.