అంగిలి పోయినా మాట పోదు

స్పిన్నింగులో నాతో ఇరవై ఏండ్లు పనిచేసినాయన ఒకడున్నాడు, నాకు తమ్ముడి లెక్క. గుట్కా అలవాటు. పై దవడలో పుండు లేచింది, క్యాన్సరన్నారు. ఒకపక్క దవడ, అంగిలి తీసేసినారు. ప్రాణం నిలిచింది గానీ అంగిట్లో బొక్క మిగిలింది. నీళ్లు తాగితే ముక్కులోంచి కారేవి. మాటంతా ముక్కుతోనే, ఇంట్లోవాళ్లకే తెలిసేది కాదు. పెండ్లిళ్లలో పంక్తిలో కూర్చోడం మానేసినాడు. ఎనిమిది నెలలు ఇట్లే పోయినాయి. దీనికి ఒక సాధనం ఉందని వానికి ఎవరూ చెప్పలేదు.

దాని పేరు ఆబ్ట్యురేటర్. మనం అంగిలి పలక అనుకుందాం. కట్టుడు పళ్ల సెట్టు మాదిరే అక్రిలిక్‌తో చేస్తారు. పైన ఒక ఉబ్బు ఉంటుంది, అది బొక్కలో కూర్చొని మూసేస్తుంది. బరువు లేకుండా ఆ ఉబ్బును చాలాసార్లు గుల్లగా చేస్తారు. మిగిలిన పళ్లకు తీగ కొక్కేలతో పట్టుకుంటుంది. పోయిన పళ్లు కూడా దానికే పెడతారు.

ఇదేం కొత్తది కాదు. 16వ శతాబ్దంలోనే ఫ్రాన్సులో ఆంబ్రోయిజ్ పారే అనే వైద్యుడు లోహపు రేకుకు స్పాంజి బిగించి ఇట్లాంటిది చేసినాడు. 2021లో కరోనా తర్వాత నల్ల ఫంగస్ వచ్చి పై దవడ పోయినోళ్లలో చాలామందికి ఇదే ఆధారమైంది.

పలక మూడు విడతల్లో చేస్తారు. ఆపరేషన్‌కు ముందే నోటి అచ్చు తీసుకొని, ఆపరేషన్ బల్ల మీదే మొదటిది పెడతారు. కొన్ని దినాలకు రెండోది, గాయం మానేకొద్దీ దాన్ని సరిచేస్తుంటారు. మూడు నుంచి ఆరు నెలలకు గాయం కుదుటపడినాక అసలుది. కరెంటు పెట్టినోళ్లకు ఇంకా ఆలస్యం కావచ్చు.

అందుకే ఆపరేషన్‌కు ముందే డాక్టరును అడగండి: "సార్, అంగిలి పలకకు అచ్చు తీస్తారా?" ముందు అడగనోళ్లు కూడా దిగులుపడొద్దు, తర్వాతైనా చేస్తారు. మన బళ్లారిలోనే సర్కారు డెంటల్ కాలేజీ ఉంది. కట్టుడు పళ్ల విభాగం, అంటే ప్రోస్తోడాంటిక్స్, ఎక్కడని అడగండి. ఈఎస్‌ఐ కార్డు, రేషన్ కార్డు వెంట తీసుకుపోండి.

తిన్న ప్రతిసారీ పలక తీసి బ్రష్షుతో కడగాలి. వేడినీళ్లు వద్దు, వంకర పోతుంది. తీసినప్పుడు నీళ్లలో వేసి పెట్టాలి. రాత్రి తీయాలా వద్దా డాక్టరే చెప్పాలి. వదులైతే సొంతంగా అరగదీయొద్దు. నోరు తెరిచే కసరత్తు మానొద్దు, మానితే దవడ బిగుసుకుపోతుంది.

పలక పెట్టిన దినం మావాడు చాయ్ తాగి, అలవాటుగా ముక్కు తుడుచుకోబోయినాడు. ముక్కు పొడిగా ఉంది. చెయ్యి అట్లే ఆపి మా వైపు చూసినాడు. మొన్న మనవరాలి పెండ్లిలో పంక్తిలోనే కూర్చొని తిన్నాడు.

నోట్లో పుండు రెండు వారాలకు మానకపోతే ఆలస్యం చేయొద్దు, చూపించుకోండి. గుట్కా ఈరోజే పారేయండి.