కరెంటు వద్దన్న పల్లె



ఇండోనేషియా అనగానే మనలో చాలామందికి బాలీ ద్వీపం గుర్తొస్తుంది. పెద్దవాళ్ళకయితే 1955లో నెహ్రూగారు వెళ్ళిన బాండుంగ్ మహాసభ గుర్తు రావచ్చు. ఆ బాండుంగ్ ఉన్నది జావా ద్వీపానికి పడమటి భాగంలో. అక్కడ ఎక్కువమంది జావా జాతివాళ్ళు కారు, సుందా జాతివాళ్ళు. దరిదాపు నాలుగు కోట్లమంది ఉంటారు. వాళ్ళ భాష వేరు, వంట వేరు, కట్టుబాట్లు వేరు. ఇవాళ మీకు చెప్పబోయేది ఆ సుందా వాళ్ళ చిన్న పల్లె ఒకదాన్ని గురించి. దాని పేరు కంపుంగ్ నాగా. కంపుంగ్ అంటే పల్లె. నాగా అన్నారు కదా అని పాముల ఊరు అనుకునేరు! వాళ్ళ భాషలో "గవిర్" అంటే లోయ అంచు. "నా గవిర్", అంటే లోయలో ఉన్న ఊరు అన్నమాటే నోట పడి నాగా అయిందని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

ముందు ఆ ప్రాంతం సంగతి చూద్దాం. ఎటు చూసినా కొండలూ, అగ్నిపర్వతాలూ, వాటి మీదనుంచి దిగే ఏళ్ళూ. సుందా భాషలో నీటికి "చి" అని పేరు. అంచేత చివులాన్, చితారుమ్, చియామిస్ అంటూ నదుల పేర్లూ, ఊళ్ళ పేర్లూ ఎన్నో ఆ "చి"తోనే మొదలవుతాయి. మనకి మున్నేరు, పాలేరు లేవూ, అలాగే! కొండవాలుని మెట్లుమెట్లుగా చెక్కి వరి వేస్తారు. పక్కనున్న గలుంగుంగ్ పర్వతం 1982లో బద్దలై నెలల తరబడి బూడిద కక్కింది. ఆ బూడిద అప్పటికి పంటల్ని పాడుచేసినా, కాలక్రమాన అదే నేలకి సత్తువ. భయమూ, అన్నమూ రెండూ ఆ కొండనుంచే వస్తాయి వాళ్ళకి.

గరుత్, తాసిక్‌మలాయా అనే రెండు పట్నాల మధ్య రోడ్డుమీద దిగి, 400కు పైగా మెట్లు దిగితే చివులాన్ నది ఒడ్డున ఈ పల్లె కనిపిస్తుంది. ఎకరాలు నాలుగు కూడా నిండని చోట నూరు పైచిలుకు కప్పులు, మూడు వందలమంది జనం. ఇళ్ళన్నీ ఒకే తీరు. కొయ్య స్తంభాలు, వెదురు తడికల గోడలు, పైన తాటిజాతి చెట్టు నల్లని నారతో కప్పు. నేలకి తగలకుండా రాళ్ళమీద నిలబెడతారు. గోడకి సున్నం తప్ప రంగు వెయ్యరు. ఇంట్లో కుర్చీలూ బల్లలూ ఉండవు, చాపే ఆసనం. డబ్బున్నవాడయినా పెంకులు వేయించుకోవటానికి వీల్లేదు. ఇవన్నీ "పామలి", అంటే చెయ్యకూడని పనులు. మన అమ్మమ్మలు "తప్పమ్మా, అలా చెయ్యకూడదు" అనేవారే, ఆ మాటకి సమానం.

ఈ ఊరికి కరెంటు లేదు. రాక కాదు, వీళ్ళే వద్దన్నారు. పైన రోడ్డుదాకా కరెంటు ఉంది. "మాది వెదురు, నార. ఒక్క నిప్పురవ్వ చాలు ఊరంతా పోవటానికి" అన్నది మొదటి కారణం. రెండోది ఇంకా ఆలోచించదగ్గది. కరెంటు వస్తే ఒకరింట్లో ఫ్రిజ్ వస్తుంది, ఇంకొకరింట్లో రాదు. ఒకేలా ఉన్న ఇళ్ళమధ్య హెచ్చుతగ్గులు బయల్దేరతాయి. అందుకని రాత్రిళ్ళు కిరసనాయిలు దీపాలే. అలాగని లోకం తెలియనివాళ్ళేం కారు. పిల్లలు బడికి వెళతారు, బ్యాటరీతో టీవీ చూసే ఇళ్ళూ ఉన్నాయి.

నిప్పంటే వాళ్ళకి అంత భయం ఎందుకో తెలియాలంటే 1956 నాటి సంగతి చెప్పాలి. అప్పట్లో దారుల్ ఇస్లాం అనే తిరుగుబాటు దళం ఆ కొండల్లో తిరుగుతూ ఉండేది. ఆ ఏడు వాళ్ళు ఈ పల్లెని తగలబెట్టారు. ఇళ్ళతోపాటు తరతరాలుగా దాచుకున్న పాత రాతలూ, పెద్దలనాటి వస్తువులూ బూడిదైపోయాయి. తమ మూలపురుషుడు సింగపరణ అని తెలుసు, ఆయన సమాధి పడమటి అడివిలో ఉందని తెలుసు. ఆపైన వివరం అడిగితే "పారేఉమ్ ఓబోర్" అంటారు. కాగడా ఆరిపోయింది అని అర్థం. రాసుకున్నది పోయింది గనక, చేతికి అలవాటైన పనే వాళ్ళకి చరిత్ర. ఊరు మళ్ళీ కట్టుకున్నప్పుడు ఒక్క కొలత మారకుండా కట్టుకున్నారు.

ఇక మనకి బాగా పట్టే విషయం, వంటిల్లు. వీళ్ళ ఇంటికి పెరటి తలుపు ఉండదు. ముందునుంచి వచ్చిన సిరి వెనకనుంచి పోతుందట! అందుకని వంటింటి తలుపు, చావడి తలుపు రెండూ ఇంటి ముందు వైపే. అందులోనూ వంటింటి తలుపుని పలచగా, సందులుండేలా అల్లుతారు. పొగ పోతుంది, వెలుతురు వస్తుంది. అంతకంటె ముఖ్యంగా, ఇల్లాలు పొయ్యి ఆర్పకుండా ఎక్కడికైనా వెళితే దారినపోయేవాళ్ళకి మంట కనిపిస్తుంది. ఎవరైనా సరే చూసి ఆర్పుతారు.

వంటింటి పక్కనే బియ్యం దాచే చిన్న గది. దాన్ని "గోఅహ్" అంటారు. అందులోకి ఆడవాళ్ళే వెళ్ళాలి, మగవాళ్ళు అడుగుపెట్టకూడదు. ఎంత ఉందో, ఎన్నాళ్ళకి సరిపెట్టాలో ఇల్లాలికే తెలియాలి. వరి వాళ్ళకి దేవత. పేరు ఏమిటనుకున్నారు? శ్రీదేవి! ఇస్లాం మతం పాటించే ఊళ్ళో ఆ పేరేమిటా అని ఆశ్చర్యపోకండి. అయిదో శతాబ్దంలో ఆ దేశాన్నేలిన పూర్ణవర్మ సంస్కృతంలో, పల్లవ లిపిలో రాయించిన శాసనాలు బోగోర్ దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. ఆనాటినుంచి నిలిచిపోయిన పేర్లు ఇవి. శ్రీదేవి బెదిరిపోకూడదని, అరచేతిలో ఇమిడిపోయే చిన్న కత్తితో ఆడవాళ్ళు ఒక్కొక్క వెన్నే కోస్తారు.

అన్నం వండే పద్ధతి కూడా చెబుతాను. బియ్యం కడిగి, శంకువులా ఉండే వెదురు బుట్టలో పోసి ఆవిరికి పెడతారు. సగం ఉడికాక చెక్క తొట్టిలోకి తీసి, మరిగే నీళ్ళు పోసి కలిపి, నీరంతా పీల్చుకున్నాక మళ్ళీ ఆవిరికి పెడతారు. దించి, విసనకర్రతో విసురుతూ పొడిపొడిగా చేస్తారు. దాంతోకి చెరువు చేప, రోట్లో నూరిన మిరపకాయ పచ్చడి, ఇంకా పచ్చి ఆకులు. ఆకుల్ని అలాగే నంజుకు తింటారు. ధాన్యం దంచుకునే పాక చేపల గుంట పక్కనే ఉంటుంది. తౌడు చేపలకి, చేపలు మనుషులకి. ఏదీ వృథా పోదు.

ఊరి బాగోగులు చూడటానికి ముగ్గురు పెద్దలుంటారు. ఆచారానికి ఒకరు, మతవిషయాలకి ఒకరు, రోజువారీ తగువులకీ పనులకీ ఒకరు. సర్కారు పద్ధతి ప్రకారం ఉండే పెద్దలు వేరు. ఏటా ఆరుసార్లు "హజత్ సాసిహ్" అనే పండుగ చేసి, మగవాళ్ళు నదిలో స్నానం చేసి పూర్వుల సమాధుల్ని శుభ్రం చేస్తారు. ఏటికి అవతల ఒక అడివి ఉంది. అందులో కాలుపెట్టరు, పుల్ల విరవరు. అలా కాపాడబట్టే వాలు విరిగిపడకుండా ఉంది, ఏరు ఎండకుండా ఉంది.

అంతా బాగానే ఉందా అంటే లేదు. ఇళ్ళు పెంచటానికి చోటులేదు. అంచేత పెళ్ళయిన పిల్లలు కొందరు ఊరు విడిచి వెళ్ళక తప్పదు. పండుగలకి మాత్రం తిరిగి వస్తారు. 2007లో ఇండోనేషియా ప్రభుత్వం కిరసనాయిలు తగ్గించి, ఇళ్ళకి గ్యాసు సిలిండర్లు ఇవ్వటం మొదలుపెట్టింది. తక్కినవాళ్ళకి అది సౌకర్యమే. దీపంలో పోసుకునే ఈ పల్లెకి మాత్రం కిరసనాయిలు కరువై, ధర పెరిగి కష్టమైంది. ఒకదాన్ని వద్దనుకుని బతకటానికి కూడా ఎంతో ఓపిక కావాలి, ఖర్చూ కావాలి.

కరెంటు లేకుండా బతకండని మీకు చెప్పటం నా ఉద్దేశం కాదు. మిక్సీ లేకపోతే నాకే పొద్దుగడవదు! కానీ ఆ వంటింటి తలుపుని గురించి మాత్రం ఒకసారి ఆలోచించండి. మన ఫ్లాట్లలో పక్కింటి పొయ్యిమీద ఏం మాడుతోందో వాసనబట్టి తెలిసేంత దగ్గరగా ఉంటాం. అయినా తలుపు తట్టడానికి మొహమాటం. కంపుంగ్ నాగాలో ఆ మొహమాటం పెట్టుకుంటే ఊరే మిగలదు. ఈసారి వాసన వస్తే వెళ్ళి తలుపు తట్టండి. మహా అయితే పప్పు మాడిందని నవ్వుకుంటారు.