ఉద్దానపు రోగులు - గుండె గీతలు

శ్రీకూర్మమునుండి ఈశాన్యముగా ఇచ్ఛాపురము దారిని బోవువారికి సోంపేట, కవిటి ప్రాంతముల కొబ్బరితోటలు కనులపండువుగా నుండును. ఆ తోటల నీడనే మూత్రపిండముల వ్యాధి సంసారములను గుల్లచేయుచున్నది. దీనికి నిదానమిదియని శాస్త్రజ్ఞులు నేటికిని నిశ్చయింపలేకున్నారు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరువబడినది; మేలే. కాని ఆసుపత్రి పలాసలో నున్నది, రోగి పల్లెలో నున్నాడు.

మూత్రపిండములు చెడినవాని రక్తమున పొటాషియము నిలిచిపోవును. అది హద్దు మీఱినచో గుండె యే హెచ్చరికయు లేకయే ఆగిపోవచ్చును. అతిథికి మొదట నిచ్చు కొబ్బరినీటిలో నా లవణము మెండు. కావున వైద్యులు ఈ రోగులను దానిని ముట్టవలదందురు. ఉద్దానమున బుట్టి కొబ్బరిబొండమునకు వెఱవవలసివచ్చుటకంటె విధివైపరీత్య మేమున్నది!

పొటాషియమును రక్తపరీక్షచే నెఱుగుదురు. దానికి ప్రయోగశాల కావలెను, కాలము పట్టును. ఇ.సి.జి. యన్ననో నిమిషముల పని. పొటాషియము పెరిగినప్పుడు ఆ గీతలలో 'టి' యను తరంగము గోపురమువలె నిక్కునని వైద్యవిద్యార్థులెల్లరు చదివినదే. చిక్కేమనగా, అనేకులయందు ఆ మార్పు కంటికి గానరాదు, అనుభవజ్ఞుడును మోసపోవును.

ఇక్కడనే డీప్ లెర్నింగు అను గణనవిధానము పనికివచ్చుచున్నది. అమెరికాలోని మేయో క్లినిక్కువారు 4 లక్షలకు పైబడిన రోగుల 15 లక్షలకు మించిన ఇ.సి.జి.లకు రక్తపరీక్షల ఫలితములను జతపఱచి కంప్యూటరునకు నేర్పిరి. ఏ వంపును జూడవలెనో దానికెవ్వరును జెప్పలేదు. తప్పినప్పుడెల్ల తన లెక్కలను దానే దిద్దుకొనుచు బోయినది. 2019లో ప్రకటింపబడిన ఫలితములనుబట్టి, మూత్రపిండవ్యాధి గలవారిలో పొటాషియము మితిమీఱిన పదుగురియందు ఇంచుమించు తొమ్మండుగురిని అది పట్టినది. పండ్రెండు గీతలలో రెండే చాలినవి. అయితే ఏ దోషమును లేనివారిని గూడ బెక్కండ్రను అనుమానించినది - దొంగను బట్టుటకు సగమూరిని ఠాణాకు బిలుచు జమేదారువలె.

కావున రక్తపరీక్షను మాన్పించుట దీని పని కాదు. ఎవరిని ముందుగా పలాసకు బంపవలెనో తెలుపుటకే ఇది యుపకరించును. అదియు వెంటనే కాదు. మిన్నెసోటా వాసుల గుండెలను జూచి నేర్చిన లెక్క, ఎండలో జీడితోటల పనిచేయు మన కూలివానియెడ నటులే చెల్లునని యెట్లు నమ్ముదుము? డయాలసిస్సు పొందువారికి రక్తపరీక్ష లెటులను జరుగుచునే యుండును. ఆ పూటనే ఇ.సి.జి. తీసి జతపఱచుటకు కావలసినది కొంచెము కాగితము, సిబ్బందికి పదినిమిషముల యోపిక. యంత్రమును గొనుటకు ముందే ఈ పని జరుగవలెను. ఆ లెక్కల పుస్తకము మన వైద్యకళాశాలల యధీనముననే యుండవలెను గాని, అమ్మవచ్చిన వర్తకుని చేతిలో గాదు.