మెక్‌నాబ్స్ దీవి: ఫిరంగులు, ఇసుక తిన్నెలు, ఒక డాక్టరుగారి కథ

ఊరినుంచి చుట్టాలు దిగితే నయాగరా, లాంగ్ వీకెండు వస్తే థౌజండ్ ఐలాండ్స్! మన కుటుంబాల్లో చాలామందికి కెనడా విహారం ఈ రెండింటితోనే సరిపోతుంది. అట్లాంటిక్ తీరం దాకా వెళ్ళేవారు తక్కువ. పిల్లల్ని రెండు రోజులు స్నేహితుల ఇంట ఒప్పజెప్పి, ఆలుమగలిద్దరే హాయిగా తిరిగి రాదగ్గ చోటు ఒకటి అక్కడ ఉంది. పోయిన ఆగస్టులో మా వారూ నేనూ చూసివచ్చిన ఆ దీవిని గూర్చి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నోవాస్కోషియాలో హాలిఫాక్స్ రేవు ముఖద్వారానికి అడ్డంగా, కాపలావాడిలా పడుకొని ఉంటుంది మెక్‌నాబ్స్ దీవి. పొడవు సుమారు 5 కిలోమీటర్లు. ఈస్టర్న్ పాసేజ్ అనే బెస్తపల్లె నుంచి చిన్న పడవలో వెళ్ళాలి. దీవిమీద కారు లేదు, కాఫీ కొట్టు లేదు. మేము పులిహోర, పెరుగన్నం, రెండు సీసాల నీళ్ళు సంచీలో వేసుకొని బయలుదేరాము.

ముందు దక్షిణపు కొనలోని ఫోర్ట్ మెక్‌నాబ్ చూశాము. 1888–1892 మధ్య బ్రిటిషువారు కట్టారు. రేవులోకి వచ్చే ఓడలను నిలిపి పరీక్షించే పనికి రెండు ప్రపంచయుద్ధాల్లోనూ ఈ కోట ఫిరంగులే అండ. ఇప్పుడు కాంక్రీటు గోడలమీద నాచు, ఫిరంగి గుంటల చుట్టూ గడ్డి. ఉత్తరపు కొనలో ఫోర్ట్ ఐవ్స్ ఇంకా పాతది. పడమటి వైపు స్ట్రాబెర్రీ బ్యాటరీ రెండవ యుద్ధకాలం నాటిది. జర్మన్ జలాంతర్గాములు లోపలికి చొరబడకుండా రేవుకు అడ్డంగా కట్టిన ఉక్కు వలకు అది కాపలా. 1939 సెప్టెంబరు 16న బ్రిటనుకు సరుకులతో తొలి హెచ్.ఎక్స్. ఓడల బారు బయలుదేరింది ఈ రేవునుంచే.

ఆ వలల కథలో ఒక ఘోరం కూడా ఉంది. 1917 డిసెంబరు 5 సాయంత్రం మందుగుండుతో వచ్చిన మోంబ్లాన్ అనే ఫ్రెంచి ఓడ, వలలు మూసేశాక చేరింది. రాత్రంతా ఈ దీవి దగ్గరే లంగరు వేసుకొని ఆగి, మర్నాడు పొద్దున లోపలికి వెళ్ళి, ఇంకొక ఓడతో ఢీకొని పేలిపోయింది. సుమారు 2,000 మంది పోయారు.

మా వారిది విశాఖపట్నం. "మన రామకృష్ణా బీచిలో ఇసుకలో కూరుకుపోయిన పిల్‌బాక్సు గుర్తుందా? దానికి ఇవి పెద్దన్నలు" అన్నారు. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్ళు విశాఖమీదా కాకినాడమీదా బాంబులు వేసినప్పుడు జనం మూటాముల్లె సర్దుకొని పల్లెలకు పరుగెత్తిన సంగతి మన పెద్దలు చెప్పగా విన్నదే. ఇక్కడి ఫిరంగులు మాత్రం ఎదురుచూస్తూనే ఉండిపోయాయి.

మాగర్స్ బీచి గులకరాళ్ళతో, దీపస్తంభంతో చూడముచ్చటగా ఉంటుంది. దానికి ఇంకొక పేరు హ్యాంగ్‌మన్స్ బీచి. నెపోలియన్ యుద్ధాల కాలంలో ఉరితీసిన నావికుల శవాలను, వచ్చే ఓడలవాళ్ళకు కనబడేటట్లు ఇక్కడ వేలాడదీసేవారట! నీళ్ళు ఆగస్టులో కూడా ఐసే. "ఏమండీ, దిగుతారా?" అంటే, "ముందు డాక్టరుగారు దిగి చూపించాలి" అన్నారు. పాదాలతో సరిపెట్టుకొన్నాము.

కాని నన్ను పట్టుకొన్నది యుద్ధం కథ కాదు. 1866 ఏప్రిల్‌లో లివర్‌పూల్ నుంచి న్యూయార్కు వెళుతున్న ఇంగ్లండ్ అనే ఓడ కలరాతో ఈ రేవుకు చేరింది. అందులో ఉన్నది మనలాగే పొట్ట చేతబట్టుకొని వలస బయలుదేరినవాళ్ళు, ఎక్కువగా ఐరిష్, జర్మన్ పేదలు. వాళ్ళను ఈ దీవిమీద దించారు. సుమారు 200 మందిని ఇక్కడే పూడ్చిపెట్టారు. వాళ్ళ పేర్లు ఏ రాతిమీదా మాకు కనబడలేదు. రేవు ఆరోగ్యాధికారి డాక్టర్ జాన్ స్లేటర్ రోగుల మధ్యనే ఉండి, అదే జబ్బుతో పోయారు.

కలరా మనిషిని చంపేది ఒంట్లోని నీటినీ ఉప్పునూ లాగేసి. ఆ సంగతి పట్టుకొని సులభమైన చికిత్స చెయ్యడానికి ఇంకో వందేళ్ళు పట్టింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బన్‌గావ్ కాందిశీకుల శిబిరంలో సెలైను అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్ళు రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. స్లేటరుగారి దగ్గర ఉప్పూ ఉంది, నీళ్ళూ ఉన్నాయి. ఆ ముక్క చెప్పేవాళ్ళే అప్పటికి పుట్టలేదు. తెలియకపోయినా ఆయన పడవెక్కి వెళ్ళారు. వైద్యవృత్తిలో ఉన్న మన సభ్యులు అక్కడ ఒక్క నిమిషం నిలబడితే బాగుంటుంది.

వెళ్ళేవారికి ఒకటి రెండు సూచనలు. గట్టి బూట్లు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. గడ్డిలో లైమ్ జబ్బు తెచ్చే టిక్ పురుగులు ఉంటాయి, తిరిగివచ్చాక ఒళ్ళంతా చూసుకోవాలి. పాత గోడలు ఎక్కవద్దు. తిరుగు పడవ వేళ ముందే మాట్లాడి పెట్టుకోవాలి. పులిహోర మాత్రం కాస్త ఎక్కువే కట్టుకోండి, సముద్రపు గాలికి ఆకలి రెట్టింపవుతుంది.