గ్రెనేడా దీవి: కడలి, కళ, వంట

కరేబియన్ సముద్రము అనగానే మన మనస్సులో ఒక చిత్రము మెదలును. తెల్లని ఇసుక, పచ్చని కొబ్బరిచెట్లు, అద్దమువంటి నీరు, ఆ నీటి ఒడ్డున పని యేమియు లేక పవళించిన యాత్రికుడు. ప్రయాణ సంస్థల ప్రకటనలలో కనబడు ఈ చిత్రము అసత్యము కాదు. కాని అది ఆ దీవుల పైపొర మాత్రమే. ఆ పొరను కొంచెము తొలగించి చూచినచో అచటి ప్రజల చరిత్రయు, శ్రమయు, సహనమును కంటబడును.

నేటి ప్రసంగమునకు మనము గ్రెనేడా అను చిన్న దీవిని ఎన్నుకొందము. సెలవులు గడుపుటకై అచటికి పోవువారు ముఖ్యముగా మూడింటిని కోరుదురు: సముద్రములో మునిగి ఆ లోకమును చూచుట, స్థానికుల కళను చూచుట, వారి సంప్రదాయపు వంటను రుచి చూచుట. ఈ మూడును మూడు వేర్వేరు వినోదములని పలువురు తలంతురు. పరికించి చూచినచో మూడింటికిని మూలము ఒక్కటే. చేజారినదానిని తలచి కూర్చుండక, మిగిలినదానిమీదనే క్రొత్త బ్రదుకును నిలుపుకొనుట ఆ మూలము. ఈ సంగతినే మనము కొంచెము వివరముగా తెలిసికొందము.

గ్రెనేడా ట్రినిడాడ్‌కు వాయవ్యమున, దక్షిణ అమెరికా ఖండమునకు ఉత్తరమున ఉన్నది. కారియకూ, పెటిట్ మార్టినిక్ అను రెండు చిన్న దీవులు కూడ ఈ రాజ్యమునకు చెందినవే. అన్నియు కలిపి వైశాల్యము 133 చదరపు మైళ్ళు మాత్రమే. ఫ్రెంచివారు 17వ శతాబ్దమున ఈ దీవిని ఆక్రమించి ఆదివాసులైన కరీబులను తుడిచిపెట్టిరి. 1763లో అది ఆంగ్లేయుల వశమయ్యెను. చెరకు తోటలలో పనిచేయుటకు ఆఫ్రికానుండి మనుష్యులను బానిసలుగా తెచ్చిరి. బానిసత్వము రద్దయిన పిదప తోటల యజమానులు మన దేశమువైపు చూచిరి. 1857 మే 1వ తేదీన మెయిడ్‌స్టన్ అను ఓడ కలకత్తా రేవునుండి భారతీయ కూలీలను తెచ్చి గ్రెనేడాలో దించెను. ఇట్లు కొన్ని దశాబ్దములలో మూడువేలకు పైగా భారతీయులు అచటికి చేరిరి. 1974 ఫిబ్రవరి 7న ఆ దేశము స్వతంత్రమయ్యెను.

ఇక సముద్రములోనికి దిగుదము. నీటిలో మునుగుట మనకు క్రొత్త కాదు. మన్నారు సింధుశాఖలో ముత్యములకై ఊపిరి బిగబట్టి మునిగినవారి కథలు మనము విన్నవే. కాని నీటిలో చాలసేపు ఊపిరి తీయుచు స్వేచ్ఛగా తిరుగుట సులభమైనది 1943 తరువాత. ఆ యేడు ఫ్రాన్సులో కూస్తో, గన్యాన్ అను ఇరువురు, ఉక్కు సీసాలోని గాలిని ఈతగాని నోటికి కావలసినంత మాత్రమే, చుట్టునున్న నీటి ఒత్తిడికి సరిపోవునట్లు అందించు సాధనమును కనిపెట్టిరి. నీటిలో ప్రతి 33 అడుగులకును ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగును. ఆ ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని రక్తములోను, కండరములలోను కరగిపోవును. మునిగినవాడు త్వరత్వరగా పైకి వచ్చినచో, మూత తీసిన సోడాబుడ్డిలో బుడగలు లేచినట్లు ఆ వాయువు శరీరములో బుడగలై ప్రాణాపాయము కలిగించును. కాబట్టి నెమ్మదిగా పైకి వచ్చుట మునక విద్యలో మొదటి పాఠము. రంగుల విషయము కూడ విచిత్రమే. లోతునకు పోయినకొలది ఎరుపు మొదట మాయమగును, తరువాత నారింజ, పసుపు రంగులు మాయమగును. చివరకు అంతయు నీలముగా కనబడును.

గ్రెనేడా పడమటి తీరమున మొలినేర్ అను చిన్న అఖాతము కలదు. తుఫానుల తాకిడికి అందలి పగడపు దిబ్బలు చాల దెబ్బతినెను. 2006లో జేసన్ డి కేర్స్ టేలర్ అను బ్రిటిష్ శిల్పి ఆ అఖాతము అడుగున సిమెంటు విగ్రహములను నిలిపెను. సముద్రగర్భ శిల్పోద్యానములలో ప్రపంచమున మొదటిదిగా ఇది ప్రసిద్ధి చెందినది. విగ్రహములలో చాల భాగము పదిహేను మొదలు ఇరువదియైదు అడుగుల లోతుననే ఉన్నవి. అచటికి సూర్యకాంతి చక్కగా చేరును. కాబట్టి గాలిసీసాలు లేనివారును, ముఖమునకు అద్దము, నోటికి గొట్టము తగిలించుకొని పైన తేలుచునే వాటిని చూడవచ్చును.

వాటిలో ‘ఒడిదుడుకులు’ అను అర్థము వచ్చు పేరుగల శిల్పము మిక్కిలి ప్రసిద్ధమైనది. ఇరువదియారుగురు పిల్లలు చేయి చేయి పట్టుకొని వలయముగా నిలిచి, వెలుపలికి, ప్రవాహమునకు ఎదురుగా ముఖములు త్రిప్పియుందురు. స్థానికులైన పిల్లల రూపములనే అచ్చుపోసి శిల్పి వీరిని తయారుచేసెను. ఇంకొకచోట ‘తప్పిపోయిన విలేఖరి’ బల్లముందు కూర్చుండి టైపు మిషనుపై వ్రాయుచుండును. ఆ బల్లపై పరచిన పత్రికల ముక్కలు నీటిలో ఏనాడో కరగిపోయినవి. 2023లో ఆ శిల్పియే గ్రెనేడావారి కార్నివాల్ వేషములను విగ్రహములుగా చేసి అచటనే దింపెను.

ఈ విగ్రహములు కేవలము అలంకారములు కావు. పగడపు పురుగు పిల్లగా ఉన్నప్పుడు నీటిలో కొట్టుకొనిపోవుచుండును. దానికి అంటుకొనుటకు గట్టి ఆధారము కావలెను. తుఫాను పగులగొట్టిన ముక్కలపై, కదలుచుండు ఇసుకపై అది నిలువలేదు. సముద్రజలమునకు హాని చేయని సిమెంటుతో గరుకుగా పోసిన విగ్రహము దానికి ఇల్లు అగును. మొదట నాచు పట్టును, పిదప స్పంజికలు, పగడములు చేరును, వాటి నీడకు చేపలు వచ్చును. పిల్లల ముఖములు ఏటేట మారిపోవుచున్నవి. శిల్పి మొదలుపెట్టిన పనిని సముద్రము కొనసాగించుచున్నదన్నమాట. మరియొక మేలు కూడ కలదు. వచ్చిన యాత్రికులలో పలువురు ఈ విగ్రహములవద్దకే పోవుటవలన, మిగిలిన సహజమైన దిబ్బలకు వారి కాళ్ళ తాకిడి కొంత తప్పును.

ఆ వలయములోని పిల్లలను చూచినవారిలో అనేకులకు, బానిస ఓడలనుండి సముద్రమున పడవేయబడిన ఆఫ్రికనులు జ్ఞప్తికి వచ్చిరి. శిల్పి తన ఉద్దేశము అది కాదనియు, పరిసరములకు తగినట్లు పెరిగి మారు బాల్యమునే తాను చూపదలచితిననియు చెప్పెను. అయినను జనులు ఆ భావమును వదలలేదు. చరిత్ర బరువు గల నీటిలో నిలిపిన శిల్పమునకు ఆ నీరే ఒక అర్థమును కల్పించెనని మనము గ్రహింపవచ్చును.

మరికొంత దూరమున, 165 అడుగుల లోతున ‘బియాంకా సి’ అను ఇటలీ దేశపు ఓడ పడియున్నది. దాని పొడవు సుమారు 600 అడుగులు. 1961 అక్టోబరు 22వ తేదీ వేకువన, రాజధానియైన సెంట్ జార్జెస్ రేవు వెలుపల అది నిలిచియుండగా యంత్రములగదిలో ప్రేలుడు సంభవించి నిప్పంటుకొనెను. ఓడలో ఇంచుమించు ఏడువందలమంది ఉండిరి. ఊరివారు చేపల పడవలు, తెరచాప పడవలు, చేతికందిన ప్రతి తెప్పయు తీసికొని ఎదురేగి వారిని ఒడ్డునకు చేర్చిరి. తమ ఇండ్లలో ఉంచుకొని అన్నవస్త్రములిచ్చిరి. గాయపడిన కొద్దిమంది నావికులు తప్ప తక్కినవారందరు బ్రదికిరి. రెండు దినముల పిదప ఓడ మునిగిపోయెను. ఆ ఓడ కంపెనీవారు కృతజ్ఞతగా పంపిన క్రీస్తు విగ్రహము నేటికిని ఆ రేవు ఒడ్డున చేతులు చాచి నిలిచియున్నది. ఓడను చూచుటకు మిక్కిలి అనుభవము గల ఈతగాండ్రే దిగవలెను. దిగువారు అది ఒక లోహపు కుప్ప కాదనియు, ఒక ఊరి దయకు గుర్తనియు ఎరిగి దిగుట మంచిది.

సముద్రమునుండి పైకి వచ్చి చిత్రకళను చూతము. కారియకూ దీవిలో కెన్యూట్ కలిస్ట్ అను చిత్రకారుడు ఉండెను. 1914లో పుట్టి 2005లో మరణించెను. ఆయన ఏ కళాశాలలోను చదువలేదు. పడవలు కట్టెను, ఫిడేలు వాయించెను, తీరిక వేళల బొమ్మలు వేసెను. తొమ్మిదేండ్ల ప్రాయమున తనకు ఒక మత్స్యకన్య కనబడినదని ఆయన చెప్పుచుండెడివాడు. ఆమె బొమ్మను ఆయన మరల మరల చిత్రించెను. పడవను నీటిలోనికి దించు పండుగ, పెండ్లి, పెద్ద డోలుల నృత్యము, ఇవన్నియు ఆయన బొమ్మలలో కనబడును. బొమ్మ క్రిందనే తనకు తోచిన అక్షరక్రమముతో ఒకటి రెండు మాటలు వ్రాయును. ఆ బొమ్మలలో దూరము, దగ్గర అను లెక్క లేదు. మనుష్యులందరు ఒకే వరుసలో నిలుతురు. మన పటచిత్రములను చూచిన కన్నులకు ఈ తీరు వింతగా తోచదు.

ఆయన చిత్రించిన పెద్ద డోలుల నృత్యములో ఆఫ్రికాలోని వివిధ జాతుల పేరిట వేర్వేరు లయలు కలవు. తమ తాతముత్తాతలు ఏ జాతివారో ఆ లయను విని తెలిసికొనిన కుటుంబములు అచట ఉన్నవి. కాగితములపై పేరైనను మిగులని ప్రజలకు డోలు దెబ్బయే వంశావళి అయినది. అటులనే కార్నివాల్ వచ్చినప్పుడు కారియకూ గ్రామములవారు వేషములు వేసికొని షేక్స్పియర్ వ్రాసిన జూలియస్ సీజర్ నాటకములోని ఘట్టములను వల్లింతురు. తప్పు చదివినవానికి ఎదుటివాని బెత్తముతో దెబ్బ తగులును. దొరల బడిలో బలవంతముగా నేర్పిన పాఠమును వారు తమ ఆటగా మార్చుకొనిరి. ఆ దీవిలోని చెక్క పడవల నిర్మాణమును యునెస్కో 2023లో తన సాంస్కృతిక వారసత్వ పట్టికలో చేర్చినది.

ఇక వంట సంగతి. గ్రెనేడావారి జాతీయ వంటకమునకు ‘ఆయిల్ డౌన్’ అని పేరు. దాని ముఖ్యద్రవ్యము మనము సీమపనస అని పిలుచు కాయ. తోటలలోని బానిసలకు చవుకగా తిండి దొరకుటకై ఆంగ్లేయులు ఆ చెట్టును తహితి దీవినుండి తెప్పించిరి. కెప్టెన్ బ్లై మొదటి ప్రయాణము 1789లో నావికుల తిరుగుబాటుతో చెడిపోయెను. 1793లో రెండవ ప్రయాణమున ఆయన ఆ మొక్కలను వెస్టిండీసునకు చేర్చెను.

పెద్ద కుండలో ఉప్పులో ఊరవేసిన మాంసమో చేపయో వేసి, సీమపనస ముక్కలు, పచ్చి అరటికాయలు, కారట్లు, చేమాకులు, పిండి ఉండలు పొరలు పొరలుగా పేర్తురు. పసుపు కలిపిన కొబ్బరిపాలు నిండుగా పోసి మూతపెట్టి, కలియబెట్టక సన్నని మంటపై ఉడికింతురు. పాలన్నియు ముక్కలలోనికి ఇంకిపోయి అడుగున కొబ్బరినూనె మాత్రము తేలినప్పుడు వంట పూర్తియైనట్లు. ఆ పేరునకు అర్థము అదియే. అచటివారు పసుపును కుంకుమపువ్వు పేరుతో పిలుచుట ఒక వింత. ఇది ఒక్కరికై వండుకొను వంట కాదు. సముద్రతీరమునో ఇంటి పెరటనో మూడు రాళ్ళ పొయ్యి పెట్టి, ఒకరు కాయ, ఒకరు ఆకు, ఒకరు కొబ్బరి తెచ్చి వీధివారందరు కలిసి వండుకొందురు. బానిసల నోటికి విదిలించిన చవుక తిండి నేడు ఒక జాతి తన పేరిట చెప్పుకొను విందు అయినది.

జాజికాయ కథయు ఇట్టిదే. 1843లో ఆ చెట్టు గ్రెనేడాకు వచ్చెను. చెరకు దిగజారిన పిదప అది ఆ దేశమునకు ప్రాణమయ్యెను. జెండాపై సైతము దాని కాయ కలదు. ఒకప్పుడు జాజికాయ పండించుటలో ఇండోనేషియా తరువాత గ్రెనేడాయే నిలిచెను. 2004 సెప్టెంబరు 7న ఐవన్ అను తుఫాను వచ్చి ఆ చెట్లలో అత్యధిక భాగమును ఒక్క దినమున పెరికివేసెను. నాటిన మొక్క కాపునకు వచ్చుటకు అయిదారేండ్లకు పైగా పట్టును. రైతులు కొందరు మరల జాజి నాటిరి, మరికొందరు కోకోను పెంచిరి.

తుఫానులతో ఆ దీవులకు ఇంకను ఋణము తీరలేదు. 2024 జూలై 1న బెరిల్ తుఫాను గంటకు 150 మైళ్ళ వేగముతో కారియకూను తాకెను. ఇండ్లలో చాల భాగము కప్పులు కోల్పోయెను, పడవలు నుగ్గయ్యెను. సముద్రజలము వేడెక్కుటవలన పగడములు తెల్లబారి చచ్చుచున్నవి. పగడపు దిబ్బ తీరమును అలలనుండి కాపాడు గోడ, చేపలకు పుట్టిల్లు. అది పోయినచో యాత్రికుడు కోల్పోవునది ఒక వేడుక. జాలరి కోల్పోవునది జీవనము. మొలినేర్ విగ్రహములు గొప్పవే కాని, సముద్రపు వేడిమిని అవి తగ్గింపలేవు. కాబట్టి దీవిని నిలుపు భారము దీవివారిమీద మాత్రమే లేదు.

విహారమునకు పోవువారు చేయదగిన పనులు కొన్ని కలవు. పగడమును చేతితోగాని కాలితోగాని తాకరాదు. వేలెడు పెరుగుటకు దానికి ఏండ్లు పట్టును. ఊరి జాలరులకు, ఊరి మార్గదర్శకులకు కూలి దక్కునట్లు ప్రయాణమును ఏర్పరచుకొనవలెను. స్థానికుల బొమ్మను కొనునప్పుడు వేసినవాని పేరు అడిగి తెలిసికొనవలెను. ఆయిల్ డౌన్ కుండచుట్టు కూర్చుండు భాగ్యము కలిగినచో, ఆ కాయ ఎట్లు వచ్చినదో, ఆ పసుపు ఎవరి చేతులమీదుగా వచ్చినదో తలచుకొని తినవలెను. అట్లు చూచినవారికి ఆ దీవి ఒక అందమైన తీరముగా మాత్రమే మిగులదు. పలుమారులు నేలగూలియు మరల లేచి, వచ్చిన అతిథికి మొదటి ముద్ద పెట్టు ప్రజల ఇల్లుగా మనస్సున నిలుచును.